లండన్‌లో రాళ్లు, మద్రాసులో అర్జీ: మార్గరెట్ కజిన్స్ పద్ధతి ఎందుకు మార్చారు?

ఏటా ఆగస్టు 15, జనవరి 26 దగ్గరపడుతున్నాయంటే చాలు, మదనపల్లె పేరుతోపాటు ఒక ఐరిష్ మహిళ పేరు కూడా ఫోన్లలో తిరుగుతూ ఉంటుంది. జనగణమనకు బాణీ కట్టింది మార్గరెట్ కజిన్స్ అని కొందరంటారు, స్వరాలు రాసింది మాత్రమే అని మరికొందరు సరిదిద్దుతారు. ఈ వాదన మధ్యలో ఆమె జీవితంలోని అసలు భాగం మరుగున పడిపోయింది. మదనపల్లెలో పిల్లలకు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన ఈ టీచరమ్మ అంతకుముందే రెండుసార్లు జైలుకు వెళ్లొచ్చారు. ఒకసారి లండన్‌లో, ఇంకోసారి ఐర్లండ్‌లో. రెండుసార్లూ చేసిన నేరం ఒకటే, అద్దాలు పగలగొట్టడం. ఆడవాళ్లకు ఓటు ఇవ్వమని అడిగే పద్ధతుల్లో అదొకటి. అదే మనిషి మద్రాసుకు వచ్చాక ఒక్క అద్దం కూడా పగలగొట్టలేదు. అర్జీ రాశారు, ప్రతినిధి బృందాన్ని కూడగట్టారు, శాసనసభ్యుల మద్దతు కోసం పనిచేశారు. ఈ మార్పుకు కారణమేమిటన్నదే ఈ వ్యాసం విషయం.

క్లుప్తంగా

బ్రిటన్‌లో స్త్రీల ఓటు బిల్లులు పార్లమెంటు గడప దాకా వచ్చి పదేపదే ఆగిపోయాయి. తలుపు మూసుకున్న ఆ చోట మిలిటెంట్ పద్ధతి పుట్టింది. భారతదేశంలో 1917 తర్వాత కొత్త రాజ్యాంగ సంస్కరణలు తయారవుతున్నాయి, నిర్ణయం చేతిలో ఉన్న భారతీయ నాయకుల్లో చాలామంది స్త్రీల ఓటుకు సుముఖంగా ఉన్నారు. అక్కడ అర్జీ పనిచేసింది. 1921లో మద్రాసు రాష్ట్రం స్త్రీలకు ఓటు ఇచ్చింది. అయితే ఆస్తి నిబంధన అలాగే ఉండటంతో ఆ ఓటు అందింది కొద్దిమందికే. మిగతావారికి అందడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది.

బాణీ సంగతి ముందు

ఈ గందరగోళాన్ని రెండు ముక్కల్లో తేల్చేయవచ్చు. జనగణమనను మొదట పాడింది 1911 డిసెంబర్ 27న, కలకత్తా కాంగ్రెస్ సభలో. అంటే ఠాగూర్ మదనపల్లె రావడానికి ఏడేళ్ల ముందే పాటా ఉంది, బాణీ ఉంది. 1919 ఫిబ్రవరిలో ఆయన మదనపల్లె థియోసాఫికల్ కాలేజీలో కొన్నాళ్లు ఉన్నారు. అప్పుడు ఆ కాలేజీ ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్. ఆయన భార్య మార్గరెట్ సంగీతంలో డిగ్రీ చేసినవారు. ఠాగూర్ పాడి వినిపిస్తే ఆమె పాశ్చాత్య పద్ధతిలో స్వరాలు రాసుకున్నారు. పాట ఇంగ్లీషు అనువాదాన్ని ఠాగూర్ అక్కడే పూర్తిచేశారు. కాబట్టి ఆమెను స్వరకర్త అనడం ఎక్కువ, ఏమీ చేయలేదనడం తక్కువ. సంగీతం తెలిసినవారు దగ్గరుండటం వల్ల ఒక బాణీ కాగితం మీదికెక్కింది.

ఇంతకీ డబ్లిన్ సంగీత విద్యార్థిని మదనపల్లె దాకా ఎలా వచ్చారు?

రాస్‌కామన్ నుంచి డబ్లిన్

మార్గరెట్ గిలెస్పీ 1878లో ఐర్లండ్‌లోని రాస్‌కామన్ జిల్లా బోయిల్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. ప్రొటెస్టెంట్ కుటుంబం. డబ్లిన్‌లో సంగీతం చదివి 1902లో పట్టా తీసుకున్నారు. మరుసటి ఏడాది కవి జేమ్స్ కజిన్స్‌ను పెళ్లిచేసుకున్నారు. ఇద్దరూ శాకాహారులు, ఇద్దరికీ దివ్యజ్ఞాన సమాజం మీద ఆసక్తి. ఆనాటి డబ్లిన్‌లో ఇలాంటి జంటను వింతగా చూసేవారు.

1906లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో జరిగిన ఒక మహిళా సదస్సుకు ఆమె వెళ్లారు. ఆ ఊరు అప్పటికే స్త్రీల ఓటు ఉద్యమానికి ఒక కేంద్రం. ఎమెలిన్ పాంక్‌హర్స్ట్ 1903లో ఉమెన్స్ సోషల్ అండ్ పొలిటికల్ యూనియన్‌ను పెట్టింది అక్కడే. 1908 నవంబర్‌లో మార్గరెట్, హన్నా షీహీ స్కెఫింగ్టన్ కలిసి డబ్లిన్‌లో ఐరిష్ ఉమెన్స్ ఫ్రాంచైజ్ లీగ్‌ను ప్రారంభించారు. భర్తలిద్దరూ పక్కనే నిలిచారు. హన్నా భర్త స్కెఫింగ్టన్, జేమ్స్ కజిన్స్ కలిసి 1912లో ‘ఐరిష్ సిటిజన్’ అనే వారపత్రిక మొదలుపెట్టి ఈ వాదాన్నే వినిపించారు.

ఇంగ్లండ్ సంస్థకు శాఖ పెట్టకుండా వేరే సంస్థ ఎందుకంటే, ఐర్లండ్‌లో రాజకీయం అంతా హోమ్‌రూల్ చుట్టూ తిరుగుతోంది. సొంత పార్లమెంటు కావాలని ఐరిష్ జాతీయవాదులు అడుగుతున్నారు. ఇంగ్లండ్ నుంచి ఎవరో వచ్చి నాయకత్వం వహిస్తే ఆడవాళ్ల ఓటు కూడా లండన్ సరుకే అన్న ముద్ర పడుతుంది. ఆ చిక్కు మార్గరెట్‌కు అప్పుడే అర్థమైంది. పరాయి దేశం నుంచి వచ్చినవారు ఉద్యమానికి ముందు నిలబడితే ఏమవుతుందో ఆమె తర్వాత మద్రాసులో రెండోవైపు నుంచి చూశారు.

అద్దం ఎందుకు?

అద్దాలు పగలగొట్టడాన్ని ఆనాటి పత్రికలు పిచ్చితనంగా, హిస్టీరియాగా రాశాయి. నిజానికి దాని వెనుక చాలా చల్లని లెక్క ఉంది.

మొదట నేపథ్యం. బ్రిటన్‌లో స్త్రీలు ఓటు కోసం 1866 నుంచి పార్లమెంటుకు అర్జీలు పెడుతూనే ఉన్నారు. బిల్లులు వచ్చేవి, కొన్ని రెండో పఠనం (బిల్లు సూత్రంపై సభ ఓటు వేసే దశ) దాకా నెగ్గేవి, ఆ తర్వాత ప్రభుత్వం సమయం కేటాయించకపోవడంతో అలాగే చచ్చిపోయేవి. ప్రధాని ఆస్క్విత్ స్త్రీల ఓటుకు వ్యతిరేకి. 1910లో అన్ని పార్టీల సభ్యులు కలిసి ఒక రాజీ బిల్లు తెచ్చారు. కొంత ఆస్తి ఉన్న స్త్రీలకు ఓటిచ్చే బిల్లు అది. పాంక్‌హర్స్ట్ సంస్థ దానికోసం మిలిటెంట్ చర్యలు ఆపేసి ఎదురుచూసింది. నవంబర్‌లో పార్లమెంటు రద్దవుతుందని, బిల్లుకు సమయం లేదని ఆస్క్విత్ ప్రకటించారు.

నవంబర్ 18న సుమారు 300 మంది స్త్రీలు పార్లమెంటు వైపు నడిచారు. పోలీసులు వెంటనే అరెస్టు చేయకుండా వాళ్లను గంటల తరబడి తోసేశారు, కొట్టారు, లైంగికంగా వేధించారు. ‘బ్లాక్ ఫ్రైడే’గా మిగిలిపోయిన రోజు అది. వందమందికి పైగా అరెస్టయ్యారు, మర్నాడే చాలామంది మీద కేసులు ఎత్తేశారు. ఉద్యమకారులకు ఆ రోజు ఒక విషయం తేలిపోయింది. శాంతంగా నడిచివెళ్తే ఆరు గంటలు దెబ్బలు తినాలి. ఒక అద్దం పగలగొడితే నిమిషంలో అరెస్టు చేస్తారు, ఒంటికి దెబ్బ తగలదు. అద్దాల పద్ధతి ఆ తర్వాత విస్తరించడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. దీన్ని చాలా కథనాలు వదిలేస్తాయి.

డబ్లిన్ లీగ్ తరఫున ఆ నెలలో లండన్ వెళ్లిన ఆరుగురిలో మార్గరెట్ ఒకరు. ఆ వారంలోనే ఆమె డౌనింగ్ స్ట్రీట్ ప్రాంతంలో మంత్రుల ఇళ్ల కిటికీలు పగలగొట్టి అరెస్టయ్యారు. ఒక నెల జైలు. హాలోవే జైల్లో గడిపారు.

ఇక యంత్రాంగం ఎలా నడిచేదంటే, అద్దం ఖరీదు మహా అయితే కొన్ని షిల్లింగులు. మేజిస్ట్రేటు ముందు రెండు దారులుండేవి: జరిమానా కట్టడమో, మంచి నడవడికకు హామీ ఇవ్వడమో చేస్తే బయటపడొచ్చు, లేకపోతే జైలు. వీళ్లు కావాలనే జైలు ఎంచుకునేవారు. కోర్టులో నిందితురాలికి మాట్లాడే హక్కు ఉంటుంది కాబట్టి అక్కడ చెప్పింది మర్నాటి పేపర్లో వచ్చేది. జైల్లోకి వెళ్లాక ఇంకో ప్రశ్న లేచేది. వీళ్లు దొంగలా, రాజకీయ ఖైదీలా? రాజకీయ ఖైదీ హోదా ఇస్తే ఓటు అడగడం రాజకీయమేనని ప్రభుత్వం ఒప్పుకున్నట్టు. ఇవ్వకపోతే నిరాహార దీక్ష. 1909 జూలైలో మారియన్ వాలెస్ డన్‌లప్ మొదలుపెట్టిన ఆ పద్ధతి జైళ్లన్నిటికీ పాకింది. వదిలేస్తే ప్రభుత్వం ఓడినట్టు, చనిపోనిస్తే అమరురాలవుతుంది, ముక్కులోంచో నోట్లోంచో గొట్టం పెట్టి బలవంతంగా తినిపిస్తే చిత్రహింస అన్న పేరొస్తుంది. ఒక చిన్న నేరం మెట్టుమెట్టుగా ప్రభుత్వాన్ని ఏ దారీ మంచిది కాని చోటికి నెట్టేది. ఆస్క్విత్ ప్రభుత్వం 1909 సెప్టెంబర్ నుంచి గొట్టాన్నే ఎంచుకుంది.

టుల్లమోర్ జైలు

1912లో కథ ఐర్లండ్‌కు మారింది. మార్చిలో రాజీ బిల్లు మళ్లీ ఓటింగ్‌కు వచ్చి 14 ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఐరిష్ జాతీయవాద సభ్యుల్లో ఎక్కువమంది వ్యతిరేకంగా ఓటేశారు. స్త్రీల ఓటు గొడవలో ఆస్క్విత్ ప్రభుత్వం పడిపోతే హోమ్‌రూల్ చేజారిపోతుందన్నది వాళ్ల భయం. వాళ్ల నాయకుడు జాన్ రెడ్మండ్‌కు స్త్రీల ఓటు మీద ఎలాగూ ఇష్టం లేదు. సొంత దేశానికి స్వపరిపాలన అడిగేవాళ్లే సొంత ఆడవాళ్లకు ఓటు అడ్డుకున్నారు.

తర్వాత నెలలో వచ్చిన హోమ్‌రూల్ బిల్లులో స్త్రీల ప్రస్తావనే లేదు. ఐర్లండ్‌లో స్థానిక సంస్థల ఎన్నికల్లో స్త్రీలకు 1898 నుంచే ఓటు ఉంది. ఆ జాబితానే కొత్త పార్లమెంటుకూ వాడమని ఎంపీ ఫిలిప్ స్నోడెన్ నవంబర్‌లో సవరణ తెచ్చారు. అదీ వీగిపోయింది. అంటే కాలువల మీద, అనాథాశ్రమాల మీద ఓటు వేసే స్త్రీ పార్లమెంటుకు మాత్రం పనికిరాదన్నమాట.

జూన్‌లో హన్నాతో సహా ఎనిమిదిమంది డబ్లిన్‌లో ప్రభుత్వ భవనాల అద్దాలు పగలగొట్టి జైలుకెళ్లారు. 1913 జనవరి చివర్లో మార్గరెట్ వంతు వచ్చింది. ఎంచుకున్న చోటు డబ్లిన్ క్యాజిల్. ఐర్లండ్‌లో బ్రిటిష్ పాలనకు కేంద్రం అదే. ఒక నెల శిక్ష వేసి టుల్లమోర్ జైలుకు పంపారు. అక్కడ ఆమె, తోటి ఖైదీలు రాజకీయ ఖైదీల హోదా కోసం నిరాహార దీక్ష చేశారు. అధికారులు దిగొచ్చారు.

ఇక్కడ ఒక తేడా చూడాలి. అంతకుముందు ఏడాది డబ్లిన్‌లో ఆస్క్విత్ పర్యటనప్పుడు అరెస్టయిన ఇంగ్లిష్ సఫ్రజెట్లకు (ఓటు కోసం మిలిటెంట్ పద్ధతిలో పోరాడిన స్త్రీలకు) మౌంట్‌జాయ్ జైల్లో గొట్టంతో తినిపించారు. ఐరిష్ లీగ్ సభ్యుల మీద అది ప్రయోగించలేదు. ఐరిష్ ఖైదీని జైల్లో హింసించారన్న వార్త ఆ దేశంలో ఎంత దూరం వెళ్తుందో ప్రభుత్వానికి తెలుసు. ఒకే పద్ధతికి ఒక్కోచోట ఒక్కో ఫలితం వస్తుందని మార్గరెట్ చూసిన సందర్భం ఇది.

మద్రాసు పిలుపు

1913లోనే కజిన్స్ దంపతులు లివర్‌పూల్‌కు మారారు. జేమ్స్ అక్కడ శాకాహార ఆహార పదార్థాల కంపెనీలో పనిచేశారు. 1915లో దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షురాలు అనీబిసెంట్ పిలుపు మీద మద్రాసు వచ్చి ఆమె పత్రిక ‘న్యూ ఇండియా’లో చేరారు. మరుసటి ఏడాది డబ్లిన్‌లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటును మెచ్చుకుంటూ ఒక వ్యాసం రాయడంతో ఆ ఉద్యోగం పోయింది. అనీబిసెంటే ఆయనను మదనపల్లె కాలేజీకి పంపారు. మార్గరెట్ కూడా అక్కడ పాఠాలు చెప్పారు, స్థానిక స్త్రీలతో ఒక సమాజం నడిపారు.

1917 మే 8న అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పుట్టింది. డొరోతీ జినరాజదాస, మార్గరెట్ దాన్ని ముందుండి నడిపారు, అనీబిసెంట్ అధ్యక్షురాలు. మొదట్లో ఇది ఓటు సంఘం కాదు. అక్షరాలు నేర్పడం, కుట్టుపని, ఆరోగ్యం, బాలికల చదువు, ఇవీ దాని పనులు. ‘స్త్రీధర్మ’ అనే పత్రిక నడిపేది. ఇంగ్లీషు పత్రికే అయినా తమిళ, తెలుగు వ్యాసాలకూ చోటుండేది. ఓటు ఇందులోకి దాదాపు అనుకోకుండా వచ్చింది.

ఒక తిరస్కరణ, ఒక అర్జీ

1917 ఆగస్టులో బ్రిటిష్ మంత్రి మాంటేగు భారతదేశానికి క్రమంగా బాధ్యతాయుత ప్రభుత్వం ఇస్తామని ప్రకటించారు. అభిప్రాయాలు వినడానికి స్వయంగా వచ్చారు. బాలికల చదువు గురించి చెప్పుకోవడానికి మార్గరెట్ ఆయన దర్శనం కోరారు. స్వపరిపాలనకు సంబంధించిన రాజకీయ విషయాలపైనే ప్రతినిధి బృందాలను కలుస్తామని జవాబొచ్చింది.

ఆమె వెంటనే విన్నపానికి రాజకీయం జోడించారు. ఓటర్లను నిర్ణయించేటప్పుడు ‘ప్రజలు’ అంటే స్త్రీలు కూడా అని గుర్తించాలని, పురుషులకు పెట్టే షరతుల మీదే వాళ్లకూ ఓటు ఇవ్వాలని అడిగారు. డిసెంబర్ 18న మద్రాసులో మాంటేగును, వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్‌ను 14 మంది స్త్రీలు కలిశారు. బృందానికి నాయకురాలు సరోజినీ నాయుడు. కూడగట్టింది మార్గరెట్, మాట్లాడింది హైదరాబాదు బిడ్డ. డబ్లిన్‌లో నేర్చుకున్న పాఠం ఇక్కడ కనిపిస్తుంది. తెల్లజాతి మహిళ ముందు నిలబడి ఉంటే ఇది భారత స్త్రీల కోరిక కాదని కొట్టిపారేయడం ఎంతో సులువు.

అయినా కొట్టిపారేయబోయారు. ఓటు హక్కు వ్యవహారం చూడటానికి వేసిన సౌత్‌బరో కమిటీ 1919లో నివేదిక ఇస్తూ, సాంఘిక పరిస్థితుల దృష్ట్యా స్త్రీలకు ఓటు ఇవ్వడం తొందరపాటు అవుతుందని తేల్చింది. పరదా ఉన్నచోట ఆడవాళ్లు పోలింగ్ బూత్‌కు ఎలా వస్తారన్నది వాదన. సరోజినీ నాయుడు, అనీబిసెంట్, హీరాబాయి టాటా, ఆమె కూతురు మిథన్ లండన్ వెళ్లి పార్లమెంటు సంయుక్త కమిటీకి తమ వాదన వినిపించారు. కమిటీ అటూ ఇటూ కాకుండా బంతిని రాష్ట్రాలకు విసిరింది. ఇది మీ ఇంటి విషయం, మీ శాసన మండలి తీర్మానం చేస్తే స్త్రీల మీదున్న నిషేధం పోతుంది అని 1919 చట్టంలో చెప్పింది.

తప్పించుకోవడానికి వేసిన ఎత్తు కాస్తా తలుపు తెరిచింది. ఎందుకంటే లండన్ అంచనా ఒకటి, మద్రాసు వాస్తవం ఇంకొకటి. మద్రాసు శాసన మండలి 1921 ఏప్రిల్ 1న తీర్మానం నెగ్గించింది. బ్రిటిష్ ఇండియాలో ఆ పనిచేసిన మొదటి రాష్ట్రం ఇదే. సర్కారు జిల్లాలు, రాయలసీమ అప్పుడు మద్రాసులో భాగం కాబట్టి అక్కడి స్త్రీలకూ ఈ తీర్మానం వర్తించింది. నిజాం పాలనలో ఉన్న తెలంగాణకు వర్తించలేదు. అదే ఏడాది బొంబాయి కూడా ఒప్పుకుంది. బెంగాల్ మొదట తిరస్కరించి, 1925లో ఒప్పుకుంది.

రాయి ఎందుకు అక్కర్లేకపోయింది?

వయసుతోపాటు ఆవేశం తగ్గిందనో, భారతీయ శాంతి స్వభావం వంటబట్టిందనో చెప్పడం సులువు. ఆధారాలు అటువైపు లేవు. ఆమె చల్లబడిన మనిషైతే 1932లో మళ్లీ జైలుకు వెళ్లేవారు కాదు.

కారణాలు నిర్ణయం జరిగే చోట ఉన్నాయి. వెస్ట్‌మినిస్టర్‌లో, అంటే బ్రిటిష్ పార్లమెంటులో, స్త్రీల ఓటును అడ్డుకుంటున్నది ప్రభుత్వమే. సభ్యుల్లో మెజారిటీ ఉన్నా, సమయం ఇచ్చే అధికారం ఆస్క్విత్ చేతిలో ఉంది. కాబట్టి ఒత్తిడి పడాల్సింది ఆ ఒక్క మనిషి మీద, ఆ ఒక్క ప్రభుత్వం మీద. మద్రాసులో ఓటు వేయాల్సింది ఎన్నికైన భారతీయ సభ్యులు. వాళ్లను ఒప్పించాలి, విసిగించి లాభం లేదు.

రెండోది కాంగ్రెస్ వైఖరి. రెడ్మండ్ పార్టీలా కాకుండా కాంగ్రెస్ 1918లోనే స్త్రీల ఓటుకు తీర్మానం చేసింది. భారతీయులు స్వపరిపాలనకు తగరన్న బ్రిటిష్ వాదనకు జాతీయవాదులకు జవాబు కావాలి. మీరు దశాబ్దాలు సతాయించి 1918లో ఇచ్చారు, మేం అడగగానే ఇస్తున్నాం అని చెప్పుకోవడం వాళ్లకు గర్వకారణం. ఐర్లండ్‌లో జాతీయవాదం స్త్రీల ఓటుకు అడ్డుపడింది. మద్రాసులో అదే జాతీయవాదం ఊతమైంది. ఈ తేడాకు కారణం పురుషుల మంచితనమని అనుకోనక్కర్లేదు. ఐరిష్ పార్టీకి పోగొట్టుకోవడానికి హోమ్‌రూల్ బిల్లు ఉంది, మద్రాసు సభ్యులకు పోయేది ఏమీ లేదు.

మూడోది కాస్త చేదుది. ఆస్తి నిబంధన అలాగే ఉండటంతో కొత్తగా వచ్చే స్త్రీ ఓటర్లు చాలా కొద్దిమంది. సొంత పేరు మీద భూమో పన్నో ఉన్న స్త్రీలు ఆ రోజుల్లో ఎంతమంది? ఏ సభ్యుడికీ తన సీటు గురించి టెన్షన్ లేదు. బ్రిటన్‌లో స్త్రీలను సమానంగా చేర్చితే ఓటర్లలో వాళ్లదే మెజారిటీ అవుతుందన్న భయంతో 1918లో 30 ఏళ్ల వయసు నిబంధన పెట్టారు. సుమారు 84 లక్షల మందికి ఓటొచ్చినా, పురుషులతో సమానంగా 21 ఏళ్లకు రావడానికి 1928 దాకా ఆగాల్సి వచ్చింది. స్వతంత్ర ఐర్లండ్ 1922లోనే ఆ పని చేసింది. మద్రాసులో అలాంటి లెక్కలకు అవసరం రాలేదు. ఇచ్చేది తక్కువ కాబట్టే త్వరగా ఇచ్చారన్నది పూర్తి నిజం కాకపోయినా, అందులో నిజం చాలానే ఉంది.

ఓటు వచ్చాక

ఓటు వేసే హక్కు వచ్చినా పోటీచేసే హక్కు 1926 దాకా రాలేదు. అది రాగానే మార్గరెట్ ప్రోత్సాహంతో కమలాదేవి చటోపాధ్యాయ మంగళూరు ప్రాంతం నుంచి మద్రాసు శాసన మండలికి పోటీచేశారు. ప్రచారానికి దొరికింది కొద్ది రోజులే, ఓడింది స్వల్ప తేడాతోనే. ఆ తర్వాత నామినేటెడ్ సభ్యురాలిగా వచ్చిన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి 1927లో మండలి ఉపాధ్యక్షురాలయ్యారు. మార్గరెట్ కూడా సైదాపేటలో గౌరవ మేజిస్ట్రేటుగా పనిచేశారు. మేజిస్ట్రేటు ముందు నిలబడి జైలు కోరుకున్న మనిషి తానే ఆ కుర్చీలో కూర్చున్నారు. భారతదేశంలో ఆ పదవి పొందిన మొదటి మహిళ ఆమె. 1927లో పుణెలో మొదలైన అఖిల భారత మహిళా సదస్సుకు ముందు పిలుపునిచ్చిందీ ఆమే.

1932 డిసెంబర్‌లో ప్రభుత్వ ఆర్డినెన్సులకు వ్యతిరేకంగా మద్రాసులో బహిరంగంగా మాట్లాడారు. ఏడాది శిక్ష వేసి వెల్లూరు మహిళా జైలుకు పంపారు. ఈసారి అద్దాలు లేవు, కేవలం ప్రసంగమే. సమావేశం పెట్టడమే నేరమైన చోట అద్దం పగలగొట్టాల్సిన పని లేదు. ప్రభుత్వం ఎంత దగ్గరగా గీత గీస్తే, దాన్ని దాటడానికి అంత చిన్న అడుగు చాలు. 1910 నాటి లెక్కే ఇక్కడా పనిచేసింది.

క్రమంగా ఆమె పక్కకు తప్పుకున్నారు. భారతీయ మహిళలే ముందుకు వస్తున్న వేళ తన ప్రత్యక్ష పాత్ర అవసరమూ లేదు, వాళ్లు కోరుకోవడమూ లేదని ఆత్మకథలో రాసుకున్నారు. ఆ మాటల్లో కొంచెం బాధ లేకపోలేదు. విదేశీ దొరసానులు మన ఆడవాళ్లను ఉద్ధరించడానికి వచ్చారన్న విమర్శ అప్పుడూ ఉంది, చరిత్రకారుల్లో ఇప్పుడూ ఉంది. దివ్యజ్ఞాన సమాజపు మహిళలకు ప్రాచీన భారత స్త్రీ మీద ఉన్న ఆరాధన పాతకాలపు అగ్రవర్ణ గృహిణి చుట్టూనే తిరిగేదన్న మాట కాదనలేనిది. పొలం పనులు చేసే స్త్రీ వాళ్ల పత్రికల్లో తక్కువ కనిపిస్తుంది.

1943లో ఆమెకు పక్షవాతం వచ్చింది. మద్రాసు ప్రభుత్వం, తర్వాత నెహ్రూ ఆర్థిక సాయం చేశారు. 1954 మార్చి 11న కన్నుమూశారు. జేమ్స్ రెండేళ్ల తర్వాత మదనపల్లెలో పోయారు.

ఫలానావారి భార్య

1921 తీర్మానం వదిలేసిన చిక్కు ఆస్తి దగ్గర ఉంది. 1930ల మొదట్లో బ్రిటిష్ ఇండియాలో దాదాపు ఇరవైమంది పురుష ఓటర్లకు ఒక స్త్రీ ఓటరు. ఆస్తి లేని స్త్రీలను ఎలా చేర్చాలన్న ప్రశ్నకు ప్రభుత్వం కనిపెట్టిన ఉపాయం భార్యాత్వం. ఆస్తి ఉన్న పురుషుడి భార్యకో వితంతువుకో ఓటు ఇస్తారు. 1935 చట్టంలో ఇదే వచ్చింది, చదువు వచ్చిన స్త్రీలను కూడా చేర్చారు. ఓటున్న స్త్రీల సంఖ్య సుమారు 60 లక్షలకు పెరిగింది.

ప్రధాన మహిళా సంఘాలు దీన్ని వ్యతిరేకించాయి. సంఖ్య పెరుగుతుంటే వద్దనడం మొండితనంలా కనిపించవచ్చు. కానీ వాళ్ల అభ్యంతరం సూటిగా ఉంది. భర్త ఆస్తి అమ్ముకుంటే ఆమె ఓటు పోతుంది. ఓటు ఆమెది కాదు, అతని పట్టాకు అనుబంధం. అందుకే వయోజనులందరికీ ఓటు తప్ప మరేదీ వద్దన్నారు. 1917 అర్జీలో పురుషులతో సమాన షరతులు అడిగినవారు, పదిహేనేళ్లలో షరతులే వద్దనే దాకా వచ్చారు.

1950లో రాజ్యాంగం అది ఇచ్చింది. తెలంగాణలో వయోజనులంతా ఓటు వేసింది కూడా ఆ తర్వాతి తొలి సార్వత్రిక ఎన్నికల్లోనే. చట్టంలో ఆస్తి పోయింది, భార్యాత్వం పోయింది. జాబితా రాయడానికి ఇళ్లకు వెళ్లిన గుమస్తాలకు మాత్రం పాత సమస్యే ఎదురైంది. ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో చాలామంది స్త్రీలు పరాయివాళ్లకు పేరు చెప్పలేదు. ఫలానావారి భార్య అనో, ఫలానావారి తల్లి అనో రాయించుకున్నారు. పేరు లేకుండా ఓటరు ఉండరని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టారు. గడువు పెంచినా పేర్లు చెప్పని సుమారు 28 లక్షల మందిని జాబితా నుంచి తీసేశారు. అప్పట్లో దీన్ని చాలామంది విమర్శించారు. వచ్చే ఎన్నికల నాటికి వాళ్లు తమ పేర్లతోనే నమోదవుతారని సేన్ వాదించారు. 1957 ఎన్నికల నాటికి వారిలో చాలామంది పేర్లు జాబితాలోకి వచ్చాయి.